చెరువు నడిమి గుట్ట మీద కొండెంగల లెక్క

1983 జనవరి 23, ఆదివారం. చెరువు కట్ట.

హాజరు: జంతుశాస్త్రం లెక్చరర్ గారు. ఆయన దగ్గర లాబ్ అసిస్టెంటునైన నేను. పడవ నడిపే పెద్దాయన. పదకొండు గంటల నుంచి పెద్దాయన భార్య.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఏ పని మీద వెళ్ళినా ఎవరెవరు వచ్చారో ముందు రాసి, జరిగింది తరువాత రాయడం నా పద్ధతి. మామూలుగా నా డైరీలో కోపానికి చోటుండదు. ఆ పేజీలో మాత్రం "చావులు: సున్న" అన్న మాట కింద కాగితం చిరిగేంత గట్టిగా మూడు గీతలున్నాయి.

వరంగల్‌లో ఖమ్మం బస్సెక్కి, వర్ధన్నపేట దాటాక దిగి, నాలుగు మైళ్ళు లోపలికి నడిస్తే ఆ చెరువు వస్తుంది. దాని పేరు రాయను. ఆ మనుషుల పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. చెరువు నడుమ ఒక చిన్న గుట్ట. కట్ట ఎత్తు పెంచినప్పటి నుంచి నడివేసవిలో కూడా దాని చుట్టూ నీళ్ళు తగ్గలేదు. గుట్ట మీద మేడి, రావి, చింత, నల్లమద్ది చెట్లు. వాటి మీద కొండెంగల మంద. పుస్తకాల్లో కొండముచ్చు అని రాస్తారు గాని మావైపు అందరికీ అది కొండెంగే. నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్ళు, ఒంటి కన్నా పొడుగు తోక.

1977లో మొదటిసారి ఆ గుట్టను చూసినప్పుడు లెక్చరర్ గారు మురిసిపోయారు. ఆయనది కోస్తా జిల్లా. "చూడండీ, చుట్టూ నీళ్ళే. బయటి నుంచి ఒకటి రాదు, లోపలి నుంచి ఒకటి పోదు. పుట్టినవి కలుపుకుంటాం, చచ్చినవి తీసేస్తాం. ఇంత శుభ్రమైన లెక్క ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. మా నాన్న వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గం మీద పోగు తగ్గిందంటే అది ఎక్కడో తెగి ఉంటుందని, ఓపికగా వెతికితే ఆ చోటు దొరుకుతుందని నమ్మి పెరిగినవాణ్ణి.

అప్పటి నుంచి ఏటా జనవరి నాలుగో ఆదివారం లెక్క. ముందు రోజు సాయంత్రమే వెళ్ళి పెద్దాయన అరుగు మీద పడుకుని, తెల్లవారకముందే పడవలో గుట్ట చేరేవాళ్ళం. నేను తూర్పున, లెక్చరర్ గారు పడమట, పెద్దాయన దక్షిణాన నిలబడేవాళ్ళం. పొద్దు పొడవగానే కొండెంగలు ఎండ కాగడానికి పైకొమ్మలకు వచ్చి కూర్చుంటాయి. ఆకుల చాటున ఒళ్ళు కనబడకపోయినా తోకలు వేలాడుతుంటాయి. ఈల వేయగానే ముగ్గురం ఎవరికి వారుగా తోకలు లెక్కపెట్టాలి. తరువాత మొహాలూ సైజూ చూసి మగవి, ఆడవి, ఎదగనివి, చంటివి అని విడదీయాలి. అలా మూడుసార్లు. పెద్దాయనకు చదువు రాదు. మగదానికి నల్ల గులకరాయి, ఆడదానికి తెల్లది, పిల్లకు చింతగింజ సంచిలో వేసుకునేవాడు. సంచి విప్పితే ఏ ఒక్క ఏడూ లెక్క తప్పలేదు. తప్పితే లెక్చరర్ గారిదే తప్పేది.

మొదటి ఏడు ఇరవై. వాటిలో పెద్ద మగవి ఆరు. మరుసటేడు పందొమ్మిది. ఆ తరువాత పదిహేడు. ఏడాదికి ఒకటో రెండో తగ్గిపోతూనే ఉన్నాయి. ప్రతి ఏడూ లెక్చరర్ గారు పెద్దాయనను అదే ప్రశ్న అడిగేవారు: "ఎన్ని చచ్చాయి?" ప్రతి ఏడూ పెద్దాయన అదే జవాబు చెప్పేవాడు: "ఒక్కటి గూడ సావలే సారూ." జవాబు మారింది ఒక్క ఏడే, ముసలివి రెండు చచ్చినప్పుడు. ఆ రెంటినీ తనే చూపించి మరీ పాతిపెట్టించాడు. మరి తగ్గినవన్నీ ఏమైనట్టు?

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా ఉద్యోగమైపోయింది. మేడిపండ్లు కాయడం తగ్గి ఉంటుందన్నారు లెక్చరర్ గారు. నెలనెలా పోయి కొమ్మకొమ్మకూ కాయలు లెక్కపెట్టాను. కాయలు నిండుగా ఉన్నాయి. కడుపులో పురుగులేమో అన్నారు. కొండెంగల పెంట ఏరి, మందునీళ్ళు పోసి, సీసాల్లో మట్టెవాడలోని మా లాబ్‌కు మోసుకొచ్చాను. లాబ్‌లో చోటు లేక కొన్ని మా ఇంటి అటక మీద పెట్టాను. మా ఆవిడ వాటి సంగతి తెలుసుకున్న రోజు పక్కింటివాళ్ళంతా విన్నారు.

"ఇంట్ల మామిడికాయ తొక్కుకు సీసలు లేవంటవు. కొండెంగ పెంటకు ఏడికెల్లి వచ్చినయి?"

పురుగులు కూడా పెద్దగా లేవు. కొండచిలువ మింగుతోందేమో అన్నారు. కర్ర పట్టుకుని పొదలన్నీ కొట్టాను. ఈదుకుంటూ పోతున్నాయేమో అన్నారు. ఒడ్డున గొడుగు వేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కటి కూడా నీళ్ళలో కాలు పెట్టలేదు. చివరికి లెక్చరర్ గారు మేడిపండ్ల మాటే పట్టుకుని ఇరవై పేజీల వ్యాసం రాశారు. టైపు చేసిందీ నేనే.

ఇక 1983 ఆదివారం. ఆ ఉదయం ముగ్గురి లెక్కా కలిసింది. పన్నెండు. ఆడవి ఏడు, ఎదగనివి మూడు, చంటివి రెండు. మగది ఒక్కటీ లేదు. పెద్దాయన సంచి దులిపితే నల్ల గులకరాయి రాలలేదు. లెక్చరర్ గారు నమ్మక నాలుగోసారి చూద్దామన్నారు. అయిదోసారి కూడా చూశాం. ఎప్పుడూ పైకొమ్మ మీద విడిగా కూర్చుని మమ్మల్ని చూడగానే హుప్పుమని బెదిరించే ఆ పెద్ద మగది లేదు.

"ఇక అయిపోయిందండీ. ఎదగని వాటిలో మగదున్నా అది పెద్దదయ్యేసరికి నాలుగైదేళ్ళు. అప్పటిదాకా ఇక్కడ ఒక్క పిల్ల పుట్టదు. ఈ ముసలి ఆడవి అన్నాళ్ళు ఉంటాయా?" అన్నారు ఆయన.

కట్ట మీదికి వచ్చి కూలబడ్డాం. పెద్దాయన భార్య గంపలో జొన్నరొట్టెలు, చేపల పులుసు తెచ్చింది. లెక్చరర్ గారు తన పెరుగన్నం డబ్బా తెరిచి, మూత చేతిలో పట్టుకునే అడిగారు.

"ఈ సంవత్సరం ఎన్ని చచ్చాయయ్యా?"

"ఒక్కటి గూడ సావలే సారూ."

"పోయినసారి పదమూడు, పుట్టినవి రెండు, మొత్తం పదిహేను. ఇప్పుడు పన్నెండు. మూడు ఏమయ్యాయి మరి?"

"మీరు సదువుకున్నోళ్ళు. నాకేమెర్క?"

పెద్దాయన భార్య రొట్టె వడ్డిస్తున్న చెయ్యి ఆపింది.

"ఎర్క లేదా? దసరాకు ముంగట పల్లిచేను అల్లునికి ఒకటి ఇయ్యకపోతివా? గంపల కూసోవెట్టి, మీద వల కప్పి, నేనే గద అవుతలి ఒడ్డుకు తోలుకపోయింది! గంతకుముందు జంట ఒకటి ఇస్తివి."

లెక్చరర్ గారు డబ్బా మూత కింద పెట్టారు.

"ఇవ్వడమేమిటి? ఎవరికి?"

పెద్దాయన ఏమాత్రం తడబడలేదు. మా ఇద్దరినీ పసిపిల్లలను చూసినట్టు చూసి చెప్పాడు. కొండెంగను చూస్తే కోతులు పారిపోతాయి. చేనుకు కోతుల బాధ ఎక్కువైన రైతు శనివారం నాడు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి, ఆంజనేయుని పేరు చెప్పి ఒక కొండెంగను అడుగుతాడు. అలా అడిగినవాడికి లేదనకూడదు. పెద్దాయన తాతా ఇచ్చాడు, తండ్రీ ఇచ్చాడు. ఒక్క పైసా పుచ్చుకోరు. పిరికిది కాపలాకు పనికిరాదు కనుక మందలో పెద్ద మగదాన్నే పట్టి ఇస్తారు. ఒంటరిగా ఉండనని మొండికేసే దానికి ఒక ఆడదాన్ని తోడిస్తారు.

"మా నాయిన కాలంల రెండేండ్లకొకటి పోతుండె. ఇప్పుడు పల్లి, మిరప వేసుడెక్కువైంది, కోతులెక్కువైనయి. అడిగెటోళ్ళు ఎక్కువైండ్రు. నేనేం చేత్తు?"

"ఆరేండ్ల సంది మాతోనే లెక్కవెట్టుకుంట తిరుగుతానవు గదనే పెద్దన్నా! ఒక్కనాడన్న చెప్పకపోతివి?" అన్నాను. నా గొంతు చెరువు అవతలికి వినబడి ఉంటుంది.

"నువ్వు లెక్కవెట్టుమన్నవు, పెట్టిన. తప్పువెట్టిన్నా?"

"తప్పువెట్టలే గని..."

"సారు సచ్చినయి అడిగిండు. సచ్చుడు వేరు, ఇచ్చుడు వేరు. ఇచ్చినయి అడుగుతె చెప్పకపోదునా?"

వేళ్ళు మడిచి అప్పటికప్పుడు చెప్పాడు. ఆరేళ్ళలో మగవి తొమ్మిది, జంటకని ఆడవి నాలుగు. ఏది ఏ ఊరికి పోయిందో కూడా తెలుసు. ఆయన మీద అరవడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. లెక్కల కాగితం నేనే గీసి సైక్లోస్టైల్ తీయించాను. అందులో పుట్టినవి, చచ్చినవి, ఉన్నవి అని మూడే గళ్ళు. లాబ్‌లో సూక్ష్మదర్శినుల రిజిస్టరు కూడా నాదే. అందులో "ఇతరులకు ఇచ్చినవి" అన్న గడి ఇరవై ఏళ్ళుగా నింపుతున్నాను. ప్రాణమున్నవాటికి ఆ గడి కావాలని నాకెందుకు తోచలేదో ఈనాటికీ తెలియదు. అప్పుడే డైరీ తీసి ఆ మూడు గీతలూ గీశాను.

లెక్చరర్ గారు ఇరవై పేజీల వ్యాసం మాట ఎత్తకుండా డబ్బాకు మూత పెట్టేశారు. పెరుగన్నం ముట్టలేదు. కాసేపటికి, "ఆ తొమ్మిదింటిలో బతికున్నది ఒక్కటైనా ఉందా?" అని అడిగారు.

నాలుగు తాళ్ళు తెంచుకుని పోయాయట. ఒకటి కరెంటు తీగ పట్టుకుంది. మూడింటి జాడ లేదు. దసరాకు ఇచ్చినది మాత్రం మూడు మైళ్ళ దూరంలో, పల్లిచేనులో, మంచె మీద ఉంది.

ముగ్గురం బయలుదేరాం. పెద్దాయన భార్య గంప, వల పట్టుకుని మా వెనకే వచ్చింది. వద్దంటే వినలేదు. రైతు ముప్పై ఏళ్ళవాడు, పెద్దాయనను మామా అని, ఆమెను అత్తా అని పిలుస్తాడు. చేను నడుమ మంచె మీద నడుముకు తాడుతో మా మగ కొండెంగ కూర్చుని ఉంది. పల్లికాయలు ఒలుచుకు తింటోంది. మమ్మల్ని చూసి బెదిరించను కూడా లేదు.

"మా జమాదారు సారూ. మస్తు పనిమంతుడు. అది వచ్చిన సంది ఒక్క కోతి గట్టు దాటలే," అన్నాడు రైతు, బంధువును పరిచయం చేస్తున్నట్టు.

లెక్చరర్ గారు తిన్నగా విషయంలోకి వచ్చారు. "అడవి జంతువును కట్టేయకూడదయ్యా. దానికి చట్టం ఉంది."

"ఉంటె మంచిదే గద సారూ. మీ చట్టాన్ని ఈ మంచె మీద కూసోవెట్టి పొండ్రి. కోతులు దానికి భయపడితె కొండెంగను నేనే మోసుకొచ్చి అప్పజెప్త."

నేను కలగజేసుకుని, గుట్ట మీద ఒక్క మగది కూడా మిగలలేదని, ఇది తిరిగి రాకపోతే మంద అంతమైపోతుందని నెమ్మదిగా చెప్పాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఒక్కటి గూడ లేదా? మరి ఇన్నేండ్ల సంది లెక్కవెట్టుకుంట ఏం చేస్తాండ్రు సారూ మీరు?"

అతను పెద్దాయన వైపు తిరిగాడు.

"మామా, కొబ్బరికాయ కొట్టి తీసుకున్న. ఇచ్చినదాన్ని మళ్ళ అడుగుతానవా?"

"నేనడుగుతలేనయ్యా. సార్లు అడుగుతాండ్రు," అన్నాడు పెద్దాయన, మాతో తనకేమీ సంబంధం లేనట్టు. ఆ క్షణాన ఆయన్ను చెరువులోకి తోసినా నాకు పాపం అంటదనిపించింది.

గంప దించి గట్టు మీద కూర్చున్న ఆయన భార్య అప్పుడు నోరు విప్పింది.

"అల్లుడా, ఇచ్చినదాన్ని ఉత్తగ తీసుకపోవద్దు, నిజమే. దాని జాగల ఇంకొకటి పెట్టాలె. ఇగో, నీ మామను పెట్టుకో. పల్లి పీకేదాక మంచెకు కట్టేసుకో. అదెంత తింటదో ఈయన గూడ గంతే తింటడు."

రైతు పగలబడి నవ్వాడు. "తోక లేదు గద అత్తా!"

"లేకుంటేంది? మొహం మాడ్సిండంటె కొండెంగ గూడ ఉరుకుతది. నలభై ఏండ్ల సంది నేను చూస్తలేనా?"

అందరం నవ్వాం, లెక్చరర్ గారు కూడా. పెద్దాయన మాత్రం నవ్వలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు. మంచె ఎక్కి కొండెంగ తాడు విప్పి భార్య చేతికి అందించాడు.

"ఇచ్చింది నేనే. కూసుంట," అన్నాడు. చెప్పినట్టే కూర్చున్నాడు.

రైతు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత, "రెండు దినాలు చూస్త. కోతులు ఆగకుంటె మాత్రం నా జమాదారు నాకు రావాలె," అన్నాడు.

పదిహేను కిలోలకు తక్కువ కాని కొండెంగను గంపలో పెట్టి, వల కట్టి, కర్రకు తగిలించి, ముందు లెక్చరర్ గారు, వెనక నేను మోశాం. మూడు మైళ్ళు. దారిలో అది వల కన్నంలోంచి చెయ్యి చాపి లెక్చరర్ గారి జేబులోని ఆ పూట లెక్కల కాగితం లాక్కుని నమిలేసింది. నా దగ్గర నకలు ఉంది. పడవ పెద్దాయన భార్యే నడిపింది. పొద్దుగూకే వేళకు గుట్ట కింద రేవుబండ మీద వల విప్పాం. అది గంపలోంచి దిగి, ఒళ్ళు దులుపుకుని, ఆ బండ మీదే కూర్చుంది. పైన చెట్ల మీది ఆడవి గప్‌చుప్‌గా చూశాయి. ఒక్కటీ కిందికి రాలేదు. ఇది పైకి పోలేదు. చీకటి పడుతుండగా తిరిగి వచ్చేశాం.

మరునాడు సోమవారం ఆరు గంటలకు కట్ట మీదికి వెళ్ళి చూస్తే కొండెంగ బండ మీదే ఉంది. మొహం చేను వైపు.

"ఎక్కలేదండీ," అన్నారు లెక్చరర్ గారు. తన రొట్టె మిగిల్చి జేబులో తెచ్చారు, పోయి పెట్టి వద్దామని.

"పెట్టకు సారూ. మూడు నెలల సంది మంచె మీద కూసోని తిన్నది, చెట్టు మర్శింది. ఆకలైతె అదే ఎక్కుతది," అని పెద్దాయన భార్య పడవ కట్టు విప్పుతోంది. అంతలో కట్ట మీద రైతు వస్తూ కనబడ్డాడు. వెనక పెద్దాయన.

"అత్తా, నీ మొగడు నాకొద్దు! తెల్లారంగ కోతులు దిగినయి. ఈయన కట్టె లేపిండు. అయి ఈయన ముంగటనే కూసోని తిన్నయి. పోంగ పోంగ ఈయన సద్దిమూట గూడ ఎత్తుకపోయినయి!"

"నేనేం చేత్తు? అయి నన్ను ఎరుగుతయి," అన్నాడు పెద్దాయన.

"నా జమాదారు నాకియ్యి. పడవ తే."

ఆమె పడవలోకి దూకి, గెడతో ఒడ్డును తన్ని, పదిహేను బారల దూరం పోయి నిలిపింది.

"పడవ రాదు అల్లుడా. ఈదుకుంట పొయ్యి తెచ్చుకో."

రైతుకు ఈత రాదని అతని మొహం చూస్తేనే తెలిసింది. అయినా ఊరుకోలేదు. పంచెలోంచి జొన్నరొట్టె తీసి, తల మీదికి ఎత్తి పట్టి, "జమాదారూ! దా! దా!" అని కేక వేశాడు.

బండ మీద కొండెంగ లేచి నిలబడింది. కొండెంగలు తప్పదనుకుంటే ఈదగలవు. అది రెండడుగులు దిగింది. ఒక చెయ్యి నీళ్ళలో పెట్టింది. లెక్చరర్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. ఆ రైతు నోరు మూసుకుంటే చాలనుకున్నాను.

అప్పుడు మద్దిచెట్టు మీంచి ఒక ముసలి ఆడది దిగింది. తాపీగా బండ మీదికి వచ్చి, వంగి నీళ్ళు తాగింది. తాగి, మగదానికి మూరెడు దూరంలో, దానికి వీపు చూపి కూర్చుంది. పేలు చూడమని అవి అడిగే తీరు అదే. మగది రొట్టె వైపు చూసింది. ఆ వీపు వైపు చూసింది. నీళ్ళలోంచి చెయ్యి తీసి విదిలించుకుని, ఆ ముసలిదాని వెంట్రుకలు పాయలు తీయడం మొదలుపెట్టింది. రైతు ఇంకో రెండుసార్లు పిలిచాడు. అది తల ఎత్తలేదు. చాలాసేపటికి ఆడది లేచి చెట్టెక్కింది. దాని వెనకే మగదీ ఎక్కింది.

రైతు రొట్టె దించాడు. కాసేపు చెట్ల వైపే చూసి, రొట్టెను రెండు ముక్కలు చేసి ఒకటి పెద్దాయన చేతిలో పెట్టాడు.

"తిను మామా. పొద్దెక్కుతాంది, మంచె ఉత్తగనె ఉన్నది, పోదాం నడువు."

పెద్దాయన నిలబడే తిన్నాడు. చెరువులో చేతులు కడుక్కుని, కట్ట మీద పడి ఉన్న లావుపాటి కర్ర ఒకటి ఏరుకుని, రైతు కన్నా ముందే చేను తోవ పట్టాడు.